విశేషం గడి

జూన్ 18

పెదనాన్నగారికి నమస్కారాలు.

పెద్దమ్మ మోకాలు ఎలా ఉంది? ఫోన్‌లో మాట్లాడితే సగం మాటలు వినబడవనీ, మిగతా సగం తప్పుగా వినబడతాయనీ మీరు అన్నారట. అమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. నా చేతిరాత చూసి నవ్వకండి. డాక్టరు చదువు మూడేళ్ళు చదివేసరికి ఇలా తయారైంది.

ముందుగా ఒక మాట. నేను చదువు మానలేదు, పరీక్ష తప్పలేదు. మూడో ఏడు అయ్యాక ఒక ఏడాది ఆగి, క్లినికల్ రీసెర్చిలో మాస్టర్స్ చేస్తున్నాను. అది ముగియగానే మళ్ళీ డాక్టరు చదువు నాలుగో ఏడులోకి వెళ్ళిపోతాను. చివరికి చేతిలో రెండు పట్టాలు ఉంటాయి. నాన్న మాత్రం "ఆగడం" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయారు. పది రోజులుగా నాతో మాటల్లేవు. మీరు చెబితే వింటారు, కాస్త చెప్పరూ.

ఇందులో ఏం నేర్పుతారంటే, ఏ మందు ఎవరికి నిజంగా పనిచేసింది, ఎవరికి పనిచేయలేదు అని తేల్చడానికి రోగుల సమాచారాన్ని పద్ధతిగా సేకరించడం, లెక్క కట్టడం. థీసిస్‌కి ఏం తీసుకుంటావని మా మేడమ్ అడగ్గానే నాకు మీ గది గుర్తొచ్చింది. కీళ్ళజ్వరం వచ్చి గుండె దెబ్బతిన్న పిల్లలకి ఇరవై ఆరేళ్ళపాటు మీరు నెలనెలా పెన్సిలిన్ సూది వేసిన గది. మీ రిజిస్టర్లు తొమ్మిదీ రికార్డు గదిలో భద్రంగా ఉన్నాయి పెదనాన్నా! ఆసుపత్రి వాళ్ళ అనుమతి తీసుకుని తెప్పించాను. అట్ట తెరిచి మీ గుండ్రటి అక్షరాలు చూసేసరికి నాకు ఎనిమిదేళ్ళ వయసు వచ్చేసింది. సెలవుల్లో మీ బల్ల చివర కూర్చుని పిల్లల కార్డుల మీద తేదీ ముద్ర కొట్టేదాన్ని, గుర్తుందా?

ఒక్క సందేహం. ఒక్కొక్కరికీ నెలకో గడి చొప్పున గీసి, చివర్లో "విశేషం" అని ఇంకో గడి పెట్టారు. అందులో కొందరికి "పో" అని రాసి తేదీ వేశారు. పో అంటే ఏమిటి?

మీ అమ్మడు

జూన్ 29

డాక్టరమ్మకి పెదనాన్న దీవెనలు.

నీ ఉత్తరం మీ పెద్దమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి తనే లాక్కుని చదువుకుంది. మోకాలు తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

నీ చదువు సంగతి నాకు బాగానే అర్థమైంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి తగ్గింది అని గళ్ళు గీసి రాయడం. అంటే నేను ఇరవై ఆరేళ్ళు చేసిన పని. దానికి ఇప్పుడు పట్టా ఇస్తున్నారన్నమాట! ముందే తెలిస్తే నేనూ పేరు వెనకాల రెండక్షరాలు తగిలించుకునేవాణ్ణి. కాంపౌండరు, కాంపౌండరు అని పిలిపించుకుంటూ రిటైరయ్యాను. మీ నాన్నకి ఇదే మాట రాశాను. "నీ కూతురు ఆగలేదురా, మీ అన్న దారిలోకి వచ్చింది" అన్నాను. దాంతో కోపం తగ్గుతుందో పెరుగుతుందో నువ్వే చూసి చెప్పు.

ఆ గది గుర్తు చేశావు, రెండు రోజులుగా అందులోనే ఉన్నాను. కిటికీ వైపు నా బల్ల, ఎదురుగా పొడుగాటి బెంచీ, గోడకి ఎప్పుడూ పది నిమిషాలు ముందుండే గడియారం. ఆ మందు మహా మొండిది అమ్మడూ. సీసాలో పొడికి నీళ్ళు కలిపి బాగా కలియబెట్టకపోతే సూదిలో అడ్డుపడుతుంది. పిల్లాడి తొడలో సూది ఉండగా అడ్డుపడిందా, వాడి ఏడుపు వీధి చివరికి వినిపిస్తుంది. అందుకని నేను సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, బెంచీ మీది పిల్లలతో కబుర్లు చెబుతూ దొర్లించేవాణ్ణి. ఆ సీసా ఆగితే కబుర్లు కూడా ఆగిపోతాయని వాళ్ళకి తెలుసు. "ఇంకొంచెం తిప్పు మావయ్యా, ఇంకొంచెం తిప్పు" అని బతిమాలేవాళ్ళు. సూదుల మావయ్య అని నాకు పేరు పెట్టారు.

పో అంటే పోయారు, ఇంకేముంటుంది? మూడేళ్ళు వైద్యం చదివావు, ఆ ముక్క కూడా నేనే చెప్పాలా?

కళ్ళు పాడుచేసుకోకు.

మీ పెదనాన్న

సెప్టెంబరు 3

పెదనాన్నా,

నాన్న మాట్లాడారు! మాట్లాడటమే కాదు, కనబడ్డవాళ్ళందరికీ మా అమ్మాయి డబుల్ డాక్టరు అని చెబుతున్నారట. అది కాదు నాన్నా అంటే వినరు. మీ మంత్రం కొంచెం ఎక్కువగా పనిచేసింది.

ఇక్కడ నా బతుకు రెండు పడవల మీద ఉంది. నాతో చదివినవాళ్ళు తెల్లకోట్లు వేసుకుని వార్డుల్లో తిరుగుతుంటే, నేను నేలమాళిగలో ఒక చిన్న గదిలో కంప్యూటరు ముందు కూర్చుని మీ గళ్ళు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాను. మొత్తం రెండువందల ఎనభై ఆరుగురు పిల్లలు. మా గణాంకాల మాస్టారు ఉన్నారు, ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. మీ రిజిస్టరు చూసి "ఇంత శుభ్రంగా ఎవరు రాశారు?" అన్నారు. మా పెదనాన్న అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వారని నేను ప్రమాణం చేసినా ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు.

మధ్యలో రావడం మానేసినవాళ్ళ జాడ కూడా తీస్తున్నాం. పాత చిరునామాలు పట్టుకుని, ఇతర ఆసుపత్రుల రికార్డులు చూసి ఒక్కొక్కరినీ వెతుకుతున్నాం. నెల రోజులకి ఇద్దరు దొరికారు. తల ప్రాణం తోకకి వస్తోంది.

మార్చి నెలాఖరులోగా థీసిస్ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే నాలుగో ఏడులో చేర్చుకోరు, ఇంకో ఏడాది పోతుంది. అప్పుడు నాన్న ఏమంటారో తలుచుకుంటేనే భయంగా ఉంది.

అమ్మడు

సెప్టెంబరు 15

అమ్మడూ,

వెతుకుతున్నావు కనక అడుగుతున్నాను. నంబరు నూట పన్నెండు, టైలరుగారి అమ్మాయి. ఆ పిల్ల ఎలా ఉందో తెలిస్తే ఒక్క ముక్క రాయి.

నా చొక్కా గుండీ ఊడి ఉంటే ఒప్పుకునేది కాదు. సూది వేయించుకునేందుకు వచ్చి, జేబులోంచి తనే ఇంకో సూది తీసేది, దారం ఎక్కించి ఉన్నది. "ముందు నీ గుండీ, తర్వాత నా సూది" అనేది. ఆరేళ్ళ పిల్ల! నేను నిలబడి కుట్టించుకునేవాణ్ణి, బెంచీ అంతా నవ్వేది. కావాలనే గుండీలు వదులు చేసుకుని వెళ్ళిన రోజులున్నాయి, మీ పెద్దమ్మకి చెప్పకు.

గణాంకాల మాస్టారికి నా నమస్కారాలు.

మీ పెదనాన్న

నవంబరు 20

పెదనాన్నా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఎవరి దగ్గరో వినడం కంటే నా దగ్గర వినడమే మంచిదని రాస్తున్నాను.

తొలి లెక్కలు వచ్చాయి. మీ గదికి వచ్చిన రెండువందల ఎనభై ఆరుగురిలో ముప్పై నలుగురు చనిపోయారు. అందులో చాలామంది నెల తప్పకుండా సూది వేయించుకున్నవాళ్ళే. మా మేడమ్ కూడా ఇంతమంది ఉంటారనుకోలేదు. నెలనెలా సూది వేసినా అక్కడ ఉపయోగం కనబడలేదని రాయాల్సి వస్తోంది. కాలేజీ సభకి సారాంశం పంపించేశాం.

తప్పు మీదని ఎవరూ అనడం లేదు. మందు నాణ్యత కావచ్చు, జబ్బు అప్పటికే ముదిరి ఉండవచ్చు. మీరు మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

మీరు అడిగిన నూట పన్నెండు కూడా ఆ ముప్పై నలుగురిలో ఉంది. మీకు గుర్తులేదేమో.

అమ్మడు

డిసెంబరు 2

అమ్మడూ,

నువ్వు చింపేసిన నాలుగూ నాకు రాలేదు కానీ, వచ్చిన ఈ ఒక్కటి చాలు.

ముప్పై నలుగురు. నువ్వు పేర్లు రాయకపోయినా నాకు అందరూ కళ్ళముందు కనబడుతున్నారు. మెలకువ వచ్చినప్పుడల్లా చేతులు చూసుకుంటున్నాను. పొడి పూర్తిగా కరగకముందే ఎక్కించానా? కబుర్లలో పడి సీసా తిప్పడం తక్కువ చేశానా? వాళ్ళకి కాస్త నొప్పి తగ్గుతుందని నిదానంగా ఎక్కించేవాణ్ణి, అదే పొరపాటా? ఇరవై ఆరేళ్ళు నేను పిల్లల్ని ఊరికే ఏడిపించానా అని ఆలోచిస్తుంటే అన్నం సహించడం లేదు. మీ పెద్దమ్మ అడిగితే కడుపులో బాగాలేదని చెప్పాను.

టైలరు కూతురు కూడానా! ఆ పిల్లని నా చేతులతో బస్సెక్కించాను అమ్మడూ. వాళ్ళ నాన్నకి వేరే ఊళ్ళో పెద్ద కొట్లో పని దొరికింది. కొత్త ఊరి డాక్టరుకి చూపించమని చీటీ రాసి, రెండు నెలల మందు కూడా కట్టి ఇచ్చాను. కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. తిరిగి వచ్చి రిజిస్టరులో రాసుకున్నాను. మీరు ఇన్నాళ్ళకి వెతికి పట్టుకునేసరికి లేదన్నమాట. ఎన్నేళ్ళు బతికింది? పెళ్ళయిందా? అంత వయసుదాకా వచ్చిందా?

ఇంక నాకు లెక్కలు రాయకు.

పెదనాన్న

డిసెంబరు 9

పెదనాన్నా,

కోపగించుకోకండి, ఒక్కదానికి వెంటనే జవాబు రాయండి. మీ ఉత్తరం చదివి రిజిస్టరు మళ్ళీ తెరిచాను.

టైలరుగారి అమ్మాయిని బస్సెక్కించి వచ్చి రిజిస్టరులో ఏమని రాశారు?

పో అంటే ఊరు వదిలి పోయారనా?

అమ్మడు

డిసెంబరు 16

ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది!

మరింకేమనుకున్నావు? పోయారు అంటే పోయారు! ఉన్న ఊరు వదిలి, మూటాముల్లె కట్టుకుని పోయారు! వాళ్ళకి సూది వేసే బాధ్యత ఇంక వేరే వాళ్ళదని గుర్తుకోసం రాసుకున్నాను. నిక్షేపంలాంటి పిల్లలు ముప్పై నలుగురిని ఒక్క అక్షరంతో చంపేశావు కదే! రెండు వారాలు వాళ్ళకోసం ఏడ్చిన ఏడుపు నాకు ఎవరు తిరిగి ఇస్తారు?

పొద్దున్న ఈ సంగతి మీ పెద్దమ్మకి చెబితే ముందు నిన్ను తిట్టింది, తర్వాత "అడిగిన మాటకి తిన్నగా జవాబు చెప్పే అలవాటు మీకెప్పుడుంది" అని నన్ను తిట్టింది. అదీ నిజమే. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

పెదనాన్న

జనవరి 5

పెదనాన్నా,

మీ ఉత్తరం అందిన మర్నాడే మేడమ్ దగ్గరికి వెళ్ళి నా తప్పు చెప్పాను. ఆవిడ రిజిస్టరు తెరిచి "పో" అని ఉన్న గళ్ళన్నీ చూశారు. తర్వాత సభకి పంపిన సారాంశం వెనక్కి తీసుకుందాం, రాయి అన్నారు. నేనే రాసి సంతకం పెట్టాను. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయినా, మనసు ఎంత తేలికైందో చెప్పలేను.

ఇప్పుడు అసలు వార్త వినండి. "పో" వాళ్ళు ఊరు మారినవాళ్ళు. మిగతా వాళ్ళ విశేషం గడిలో మీరు రాసినవి రెండే మాటలు. ఒకటి "గడువు అయింది", అంటే వేయించుకోవాల్సిన ఏళ్ళన్నీ పూర్తిచేసినవాళ్ళు. రెండోది "అక్కర్లేదు". వాళ్ళు పదకొండు మంది, జబ్బు నయమై సూది అవసరం లేదన్నవాళ్ళు. కొందరికి ఏమీ రాయలేదు, వాళ్ళు జాడ తెలియనివాళ్ళు. అంటే మీకు తెలిసినంతలో ఒక్క పిల్లాడూ చనిపోలేదు! ఇరవై ఆరేళ్ళలో ఒక్కరూ!

మేడమ్ నొసలు చిట్లించారు. "ఒక్కరూ లేరంటే నమ్మడం కష్టం, ఇంకోసారి అడుగు" అన్నారు. మా పెదనాన్న సీసా ఎలా తిప్పేవారో మీకు తెలీదు అన్నాను.

మీ గుర్తులకి అర్థాలు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపండి. థీసిస్ చివర జతచేస్తాను. మీ గది గురించి అందరి ముందూ నిలబడి చెప్పబోతున్నాను, నాకు ఎంత గర్వంగా ఉందో!

అమ్మడు

ఫిబ్రవరి 1

పెదనాన్నా, ఉత్తరం అందిందా? కాగితం వస్తే తప్ప చివరి అధ్యాయం రాయలేను. ఒంట్లో బాగానే ఉందా? పెద్దమ్మని ఫోన్‌లో అడిగితే "ఆయన్నే అడుగు" అని పెట్టేసింది.

అమ్మడు

ఫిబ్రవరి 10

అమ్మడూ,

ఒంట్లో బాగానే ఉంది. నీ జనవరి ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

అది వచ్చిన రోజు గట్టిగా చదివాను. "ఒక్కరూ చనిపోలేదట, చూశావా" అన్నాను. మీ పెద్దమ్మ నావైపు చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఎప్పుడూ చెప్పకపోయినా తనకి తెలుసు.

అక్కర్లేదు అంటే నయమైందని కాదు.

మొదట తాపీమేస్త్రీ కొడుకు. తొమ్మిదేళ్ళు. రెండేళ్ళు తప్పకుండా వచ్చాడు. ఒక నెల సూది రోజున వాళ్ళమ్మ ఒక్కతే వచ్చింది, చేతిలో కార్డు. వరసలో నిలబడింది. అంతకు నాలుగు రోజుల ముందే పిల్లాడు కన్నుమూశాడు. ఆ తేదీన ఇక్కడికి రావడం అలవాటైపోయి, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక వచ్చింది. తన వంతు వచ్చాక కార్డు బల్ల మీద పెట్టి, "ఇంక తీసుకురానక్కర్లేదా బాబూ?" అని అడిగింది. "అక్కర్లేదమ్మా" అన్నాను. ఆవిడ వెళ్ళాక కలం పట్టుకుంటే చేతికి ఆ మాటే వచ్చింది. ఇంకో మాట రాయాలని రెండుసార్లు ప్రయత్నించాను. పిల్లలు బెంచీ మీంచి బల్ల మీదకి వంగి చూస్తుండేవాళ్ళు, చదవడం వచ్చినవాళ్ళు కూడా. ఆ తర్వాత పదిమందికీ అదే రాశాను.

నీ ఉత్తరానికి ఎందుకు జవాబు రాయలేదో ఉన్నదున్నట్టు చెబుతాను. సంతకం పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఒక ముసలి కాంపౌండరు గదిలో ఒక్కరూ చనిపోలేదని పుస్తకంలో ఉండిపోతుంది. నాకు ఆశ పుట్టింది అమ్మడూ. ముప్పై నలుగురు చనిపోయారని నువ్వు రాసినప్పుడు నా ఒంట్లోంచి ఎముకలు తీసేసినట్టయింది, మళ్ళీ అలాంటిది చదవాలని లేకపోయింది. కానీ నువ్వు తప్పు తెలిసిన వారంలోపల మీ మేడమ్ ముందు నిలబడ్డావు. నాకు నెల దాటింది.

పదకొండు మంది చనిపోయారు. లెక్క మార్చు. నా గది ఎలా కనబడితే అలా కనబడనీ.

పెదనాన్న

ఫిబ్రవరి 19

పెదనాన్నా,

మీ ఉత్తరం చదివి నేలమాళిగ గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. గణాంకాల మాస్టారు తలుపు తట్టి, చూసి, మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు.

లెక్క మార్చాను. నెల గళ్ళన్నీ మళ్ళీ చూశాను. తరచూ మానేసినవాళ్ళు ఎనభై అయిదుగురు. వాళ్ళలో ఎనిమిది మంది చనిపోయారు. క్రమం తప్పకుండా వచ్చినవాళ్ళు రెండువందల ఒక్కరు. వాళ్ళలో ముగ్గురు. సూది వల్లే అని దీంతో ఖాయంగా చెప్పకూడదు, మానేసినవాళ్ళు ముందే బాగా జబ్బుపడి రాలేకపోయి ఉండవచ్చు. జాడ తెలియనివాళ్ళ సంగతి తెలియదనే రాస్తున్నాను. కానీ మీరు పిల్లల్ని ఊరికే ఏడిపించలేదు. ఆ మాట మాత్రం మేడమ్ నోటి నుంచే వచ్చింది.

ఇప్పుడు కష్టమైనది అడుగుతున్నాను. రిజిస్టరులో ఒక్క అక్షరం దిద్దకూడదు, అది నియమం. ఆ పదకొండు నంబర్ల జాబితా దీనితో పెట్టాను. ఆ నంబర్లూ, వాటి ఎదురుగా ఉన్న "అక్కర్లేదు"కి అర్థం ఏమిటో, మీ చేత్తో వేరే కాగితం మీద రాసి ఇవ్వాలి. మెత్తటి మాటలు పనికిరావు. మీరు రాయలేనంటే నేను వచ్చి పక్కన కూర్చుంటాను.

అమ్మడు

మార్చి 2

అమ్మడూ,

నువ్వు రానక్కర్లేదు, నీకు పని ఉంది. కాగితం దీనితోపాటే ఉంది, సంతకం కూడా చేశాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక మొదలుపెట్టి సాయంత్రం దీపం పెట్టేవేళకి పూర్తిచేశాను. పదకొండు వరసలు రాయడానికి అంతసేపా అని అడగకు. మీ పెద్దమ్మ పక్కన కూర్చుని నువ్వు పంపిన జాబితాలోంచి నంబర్లు చదివింది. నేను నంబరు రాసి, ఎదురుగా "చనిపోయాడు" అని రాశాను, ఆడపిల్లలకి "చనిపోయింది" అని రాశాను. ఒక్కొక్క వరస అయ్యాక కాసేపు ఆ పిల్లాడి గురించే మాట్లాడుకున్నాం. ఇన్నేళ్ళలో తనతో ఎప్పుడూ చెప్పుకోలేదు.

రేపు నువ్వూ ఒక తల్లికి ఈ మాట చెప్పాల్సి వస్తుంది. నోటితో ఎంత మెత్తగానైనా చెప్పు. కాగితం దగ్గరికి వచ్చాక నాలాగా చెయ్యకు.

క్రమం తప్పకుండా వచ్చిన ఆ ముగ్గురూ ఎవరో నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. తాపీమేస్త్రీ కొడుకు, బడి పంతులమ్మ కూతురు, ఎప్పుడూ బెంచీ చివర్న కూర్చునే ఆ నత్తి పిల్లాడు. మానేసినవాళ్ళ సంగతి వేరు, మానేశారు కనక అని ఎలాగో సర్దుకున్నాను. ఈ ముగ్గురికే నా దగ్గర జవాబు లేకపోయింది. వానలో వచ్చారు, జ్వరంలో వచ్చారు. ఒక్క నెల తప్పలేదు. నేనూ తప్పలేదు. అయినా చనిపోయారు.

నీ పుస్తకంలో అది కూడా రాయి.

మీ పెదనాన్న